బరంపురంలో ‘కొత్త సెగా’ అని అమ్ముతున్న గేమ్ పెట్టె కొనకండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్లు, ముఖ్యంగా దసరాకి పిల్లలకి టీవీ గేమ్ కొందామనుకుంటున్నవాళ్లు, కాస్త ఓపిగ్గా చదవండి.

మా మేనల్లుడి పుట్టినరోజుకి మా బావ బరంపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో సెగా అనే జపాన్ వీడియో గేమ్ కంపెనీ పేరున్న పెట్టె కొన్నాడు. పెట్టె మీద సెగా గేముల హీరో, నీలం రంగు సోనిక్ బొమ్మ, పక్కన ‘ఒరిజినల్’ అని బంగారు రంగు స్టిక్కర్. 2,800 తీసుకున్నారు. “జపాన్ కంపెనీ మాల్ బాబూ, ఏడాది వారంటీ, కొత్త స్టాక్ ఇప్పుడే దిగింది” అన్నాడట షాపాయన, చక్కటి తెలుగులోనే. మనవాడే కదా అని బావ ఇంకేం అడగలేదు. ఇంటికి తెచ్చి టీవీకి తగిలిస్తే మొట్టమొదట కనిపించిన గేమ్ మారియో!

మోసం అక్కడే బయటపడింది. మారియో సెగాకి పోటీ కంపెనీ అయిన నింటెండో వాళ్ల సొత్తు. సెగా సొంత మెషీన్లు అమ్మినన్నాళ్లూ ఆ రెండు కంపెనీల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సెగా కన్సోల్ (టీవీకి తగిలించే గేమ్ మెషీన్) కోసం నింటెండో మారియో గేమ్ ఒక్కటి కూడా తేలేదు. షాపులో డబ్బు కట్టేముందు టీవీకి పెట్టి చూపించమనండి. సెగా పెట్టెలో మారియో కనిపిస్తే అక్కడే వదిలేసి వచ్చేయండి.

స్క్రూలు విప్పి చూశాను. అరచేతిలో సగం కూడా లేని బోర్డు. మధ్యలో చిప్ ఉండాల్సిన చోట నల్లటి బంక చుక్క గట్టిపడి ఉంది. బరువుగా అనిపించాలని అడుగున ఒక ఇనుప రేకు అతికించారు. 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన 8 బిట్ గేమ్ మెషీన్ ఫ్యామికామ్‌కి ఇది చవక నకలు. చిన్నప్పుడు క్యాసెట్లు గుచ్చి ఆడుకున్నామే, ఆ బాపతే. పెట్టె మీద ‘9999 గేమ్స్’ అని వేశారు. లిస్టు కిందికి జరుపుకుంటూ పోతే అవే గేములు వేరే పేర్లతో, ఒకటి మొదటి లెవెల్ నుంచి, ఇంకోటి మూడో లెవెల్ నుంచి, మళ్లీ మళ్లీ వస్తాయి.

అసలు ‘కొత్త స్టాక్’ ఎక్కడి నుంచి వస్తుంది? తన చివరి గేమ్ మెషీన్ డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని సెగా 2001 జనవరి 31న ప్రకటించింది. అప్పటి నుంచి అది వేరే కంపెనీల మెషీన్లకి గేములు చేసిపెట్టే సంస్థ. 2019లో పాత గేములు నింపిన మెగా డ్రైవ్ మినీ అనే చిన్న పెట్టె తెచ్చింది. అందులో ఉన్నవి 42 గేములు.

నాకు సెగా అంటే ప్రాణం, అందుకే ఇంత మండుతోంది. 1988లో మెగా డ్రైవ్ అనే మెషీన్, 1991లో సోనిక్ గేమ్ తెచ్చింది. ఆ దెబ్బకి అమెరికాలో నింటెండో ఏకఛత్రాధిపత్యం పోయింది. తర్వాత సెగా తన కొనుగోలుదారులనే గాలికొదిలేసింది. 1994 నవంబర్‌లో అమెరికాలో మెగా డ్రైవ్‌కి పైన తగిలించుకోండంటూ 32ఎక్స్ అనే అదనపు పరికరం అమ్మింది. అదే నెలలో జపాన్‌లో సాటర్న్ అనే కొత్త మెషీన్ దింపింది. 32ఎక్స్ కొన్నవాళ్ల డబ్బు నీళ్లపాలైంది. 1995 మే 11న, సెప్టెంబర్‌లో రావాల్సిన సాటర్న్‌ని చెప్పాపెట్టకుండా అమెరికాలో కొన్ని షాపులకే ఇచ్చి, 399 డాలర్లు అంది. ఆ మాట చెప్పిన గేమ్ ప్రదర్శనలోనే తన మెషీన్ ప్లేస్టేషన్ 299 డాలర్లే అని సోనీ చెప్పేసింది. సరుకు అందని కేబీ టాయ్స్ అనే అమెరికా బొమ్మల దుకాణాలు సెగాని పెట్టుకోవడమే మానేశాయి. ఆ తర్వాత వచ్చిన డ్రీమ్‌కాస్ట్ ఎంత మంచి మెషీనో! ఇంటర్నెట్ మోడెం అందులోనే ఉండేది. కానీ జనం ప్లేస్టేషన్ 2 కోసం ఆగారు. డ్రీమ్‌కాస్ట్ దాదాపు 91 లక్షల పెట్టెలు అమ్ముడై ఆగిపోయింది.

మన దేశంలో 1995లో షా వాలెస్ కంపెనీ ద్వారా మెగా డ్రైవ్ అమ్మారు. ధర 18,000. ఆ రోజుల్లో మన ఇళ్లలో ఎంతమంది కొనగలిగారు? పేరు విన్నాం, వస్తువు చూడలేదు. ఈ షాపులవాళ్లకి దొరికిన సందు అదే.

ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ డ్రీమ్‌కాస్ట్ వెతికేవాళ్లకి ఒక మాట. వీడియో కాల్‌లో డిస్క్ పెట్టించి, గేమ్ నడవడం చూశాకే డబ్బు పంపండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడిగితే కంగారు పడకండి, లోపలి బ్యాటరీ అయిపోయిందంతే. జపాన్ నుంచి వచ్చినదైతే 100 వోల్టులది. నేరుగా మన ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది.

వెనక్కి ఇవ్వడానికి వెళ్తే “సీల్ తీశాక వాపస్ లేదు” అన్నారు. బిల్లు అడిగితే ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన చీటీ. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడమూ తప్పే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు. బావ డబ్బు ఫోన్‌లో కట్టాడు కాబట్టి ఆ మెసేజ్, పెట్టె ఫొటోలు, టీవీలో మారియో కనిపిస్తున్న ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. మీలో ఎవరైనా ఇదే పెట్టె కొని ఉంటే పెట్టె పారేయకండి, డబ్బు కట్టిన మెసేజ్ తుడిచేయకండి, మీరు కూడా 1915కి చెప్పండి.