పీపీఈ కిట్‌లో కాన్పు డ్రిల్: మామానటాలీతో మా ట్రైనింగ్

కోవిడ్ రెండో వేవ్‌కి ముందు మా లేబర్ రూమ్ టీమ్‌కి మామానటాలీతో సిమ్యులేషన్ ట్రైనింగ్ ఇచ్చారు. ఇది నార్వేకి చెందిన లేర్డాల్ గ్లోబల్ హెల్త్ తయారు చేసిన కాన్పు సిమ్యులేటర్. ట్రైనర్ దాన్ని పొట్టకి కట్టుకుని గర్భిణిలా కూర్చుంటారు, నొప్పులకి అరుస్తారు, బిడ్డ బొమ్మని బయటికి పంపుతారు, తర్వాత కృత్రిమ రక్తం వదులుతారు, గర్భసంచి గట్టిపడటం, మెత్తగా ఉండిపోవడం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది.

అసలు కష్టం పీపీఈ కిట్ వేసుకున్నాకే తెలిసింది. ఎన్95, ఫేస్ షీల్డ్ వెనక నుంచి "ఆక్సిటోసిన్ 10 యూనిట్లు" (గర్భసంచి గట్టిపడి రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్) అని అరిచినా పక్కవాళ్లకి సరిగ్గా వినపడలేదు, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాం, పైగా షీల్డ్ నిండా ఆవిరి. ఒకటే టెన్షన్! రెండో రౌండ్‌కి గౌన్ల మీద పేర్లు రాసుకున్నాం, చెప్పిన మాటని విన్నవాళ్లు తిరిగి పైకి చెప్పాలని పెట్టుకున్నాం, ఎంత తేడా వచ్చిందో. రక్తం పోతున్న తల్లిని చూసి కిట్ లేకుండా పరిగెత్తకుండా ఉండాలంటే ఒకరు ముందే వేసుకుని సిద్ధంగా ఉండాలని నాకు అక్కడే ఒంటబట్టింది.

లోటల్లా నైట్ డ్యూటీ వాళ్లని, ఆయమ్మలని పిలవకపోవడం. అర్ధరాత్రి కాన్పుకి ముందు అందుకునేది వాళ్లే, వాళ్లకి తప్పకుండా ఇప్పించండి.