గుర్తుగా మేలా, గురిగా మేలా: జింక్ ఫింగర్ ప్రొటీన్ల లెక్క

ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే ప్రొటీన్లలో అతి పెద్ద కుటుంబం జింక్ ఫింగర్లదే. మనిషిలో ఇవి ఏడువందల పైచిలుకు. ఒక్కో 'వేలు' దాదాపు 30 అమైనో ఆమ్లాల ముక్క. రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడీన్లు కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటే ఆ ముక్క మడతపడి నిలబడుతుంది, డీఎన్ఏ గాడిలోకి దూరుతుంది. 1985లో ఆరన్ క్లూగ్ బృందం కప్ప అండకణాల్లోని ఒక ప్రొటీన్‌లో ఈ సంగతి గమనించింది.

వీటిని జబ్బు తీరు చెప్పే బయోమార్కర్లుగా (గుర్తుగా) వాడుకోవడం మేలా, మందుతో కొట్టే టార్గెట్లుగా (గురిగా) చూడటం మేలా? రివ్యూ వ్యాసాల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. నిజానికి వేటి లెక్క వాటిదే. రెండు వేషాలూ వేసిన, రక్తకణాల ఎదుగుదలను నడిపే ఇకారోస్ అనే జింక్ ఫింగర్ ప్రొటీన్‌ను చూస్తే తేడా తెలిసిపోతుంది. దీని జన్యువు ఐకేజెడ్ఎఫ్1.

ముందు గుర్తు సంగతి. పిల్లల్లో వచ్చే బి-సెల్ ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో సుమారు 15 శాతం మందికి ఈ జన్యువులో కొంత భాగం ఎగిరిపోయి ఉంటుంది. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై ఏర్పడేది) ఉన్న రకంలోనైతే 80 శాతం దాకా. అలాంటి వాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. మలేషియా, సింగపూర్ డాక్టర్లు ఈ లోపమున్న పిల్లలకు కీమో డోసు పెంచి చూశారు. తిరగబెట్టే కేసులు సగానికి పైగా తగ్గాయని 2018లో ప్రచురించారు. మార్కర్ అంటే ఇలా ఉండాలి: రిపోర్టు చూశాక డాక్టర్ రాసే మందు మారాలి. 'ఫలానా క్యాన్సర్‌లో ఫలానా జింక్ ఫింగర్ ఎక్కువగా ఉంది' అని వచ్చే పేపర్లు చాలావరకు ఈ పరీక్షకు ఆగవు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. పోయిన ముక్క చిన్నదైతే మెరిసే రంగులతో క్రోమోజోములను చూసే మామూలు ఫిష్ (FISH) పరీక్షకు చిక్కదు, జన్యువులోని చిన్న ముక్కలను కూడా లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ లాంటిది చేయించాలి. పైగా ఐకేజెడ్ఎఫ్1తో పాటు ఇంకే జన్యువులు పోయాయో కూడా చూస్తేనే ముప్పు ఎంతో సరిగా తేలుతుంది.

ఇక గురి. డీఎన్ఏకి అతుక్కునే ఈ ప్రొటీన్లలో మందు దూరి కూర్చునే గుంట ఉండదు, అందుకే వీటి జోలికి పోవడం దండగని చాలాకాలం అనుకున్నారు. దారి చూపింది మాత్రం అందరూ తిట్టిపోసిన థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, గర్భిణులు వేసుకోగా పదివేలకు పైగా పసిబిడ్డల అవయవాలను దెబ్బతీసి, 1961లో అక్కడి మార్కెట్ నుంచి పోయిన మందు అది. ఒంట్లో దేన్ని పట్టుకుంటుందో 2010లో జపాన్ బృందం కనిపెట్టింది: పనికిరాని ప్రొటీన్లకు పారేయమని ముద్ర వేసే యంత్రాంగంలో భాగమైన సెరెబ్లాన్. 2014లో రెండు అమెరికా బృందాలు మిగతా కథ చెప్పాయి. థాలిడోమైడ్ సంతతికి చెందిన లెనాలిడోమైడ్ సెరెబ్లాన్‌కు అతుక్కుని, ఇకారోస్‌నూ దాని తోబుట్టువు ఐయొలోస్‌నూ అక్కడికి లాగి, కణంలోని చెత్తబుట్టకు పంపిస్తుంది. ఆ రెండూ లేకపోతే మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) కణం బతకలేదు.

అది పట్టుకునేది ఎక్కడో చూడండి. ఇకారోస్ రెండో వేలి మీద ఒక గ్లుటమిన్ ఉంటుంది. అదే కుటుంబంలోని హీలియోస్‌కు ఆ చోట హిస్టిడీన్ ఉంది, లెనాలిడోమైడ్ దాన్ని ముట్టుకోదు. ఒక్క అమైనో ఆమ్లం తేడా! లుకేమియాలో తరచూ కనిపించే, ఐకే6 అనే కురచైన ఇకారోస్ రూపంలో డీఎన్ఏని పట్టే వేళ్లేవీ ఉండవు, ఈ రెండో వేలితో సహా. అంటే ఒక జబ్బులో పోయిందని తెలిస్తే భయపడే ముక్కే, ఇంకో జబ్బులో మందుకు దొరికే పట్టు.

ఏది మేలంటే, రోగికి దక్కిన ఆయుష్షును బట్టి నా ఓటు గురికే. లెనాలిడోమైడ్ క్యాప్సూల్‌గా మింగే మందు, జనరిక్ కూడా వచ్చేసింది. 2022 మార్చిలో అమెరికా మార్కెట్లోకి వచ్చిన జనరిక్ వెనుక హైదరాబాద్ కంపెనీ నాట్కో ఉంది. పరీక్షలు చేయించుకోవడానికే అప్పులయ్యే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. కానీ భద్రతలో గుర్తే నయం. రక్తంలోనో మజ్జలోనో జన్యువును చదివితే ఎవరికీ కీడు లేదు. గురి తప్పితే మాత్రం ఏమవుతుందో థాలిడోమైడ్ చూపించింది. అది సాల్4 అనే ఇంకో జింక్ ఫింగర్‌ను కూడా పడగొడుతుందని 2018లో తేలింది. పుట్టుకతోనే సాల్4 దెబ్బతిన్న కొందరికి బొటనవేలు, ముంజేయి సరిగా ఏర్పడవు. చిత్రమేమిటంటే, అదే సాల్4ను జెర్మ్ సెల్ గడ్డలను (అండ, వీర్య కణాల మూలాల నుంచి పుట్టేవి) గుర్తుపట్టడానికి పాథాలజీ ల్యాబుల్లో రోజూ రంగు వేసి చూస్తారు.

మూడో దారీ ఉంది: ప్రొటీన్ జోలికి పోకుండా దాని జన్యువు స్విచ్‌ను కత్తిరించడం. బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్, బిడ్డ పుట్టాక పిండ హిమోగ్లోబిన్‌ను (కడుపులో ఉన్నప్పటి రక్తంలోది) ఆపేస్తుంది. అది మళ్లీ తయారైతే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ జబ్బు అదుపులోకి వస్తుంది. సికిల్ సెల్ రోగుల మూలకణాల్లో బీసీఎల్11ఏ స్విచ్‌ను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తెంపే క్యాస్‌గెవీ చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. ఫలితం గొప్పదే, కానీ అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, ముందు గట్టి కీమో తప్పదు. పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీల్లోని సికిల్ సెల్ కుటుంబాలకు అది అందే మాట కాదు. వాళ్లకు కావాల్సింది మాత్ర. 2024లో నోవార్టిస్ శాస్త్రవేత్తలు సెరెబ్లాన్ దారిలోనే విజ్ అనే జింక్ ఫింగర్‌ను పడగొట్టి, కోతుల్లో పిండ హిమోగ్లోబిన్‌ను పెంచారు. అలాంటి మందు మనుషుల దాకా వస్తే, గర్భం దాల్చే వయసు ఆడవాళ్లకు ఇచ్చే ముందు సాల్4 సంగతి తేల్చుకోవాల్సిందే.