గ్రహాల లెక్కలకు ఏది మేలు: పూర్తి సూత్రమా, నిష్పత్తా, ఏయూ–ఏడాది దారా?

చెన్నైలో ప్లస్ టూ చదివే తెలుగు పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. గురుత్వాకర్షణ పాఠంలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: ఒక గ్రహం సూర్యుడికి భూమికంటే నాలుగింతల దూరంలో ఉంటే దాని ఏడాది ఎంత? చాలామంది నోట్సులో ముందు జి (గురుత్వాకర్షణ స్థిరాంకం) విలువ 6.67 × 10⁻¹¹ రాస్తారు. దాని కింద సూర్యుడి ద్రవ్యరాశి, ఆపైన దూరాన్ని మీటర్లలోకి మార్చడం. సగం పేజీ నిండాక జవాబు వస్తుంది: ఎనిమిదేళ్లు. నాలుగు ఘనం 64, దాని వర్గమూలం 8. నోటితో చెప్పేసే లెక్క.

ఈ లెక్కలకు మూడు దారులున్నాయి. ఒకటి పూర్తి సూత్రం: కాలం² = 4పై² × దూరం³ / (జి × కేంద్ర ద్రవ్యరాశి). కాలం అంటే ఒక చుట్టుకు పట్టే సమయం, కేంద్రం అంటే ఏది మధ్యలో ఉంటే దాని చుట్టూ తిరుగుతుందో అది. రెండోది నిష్పత్తి: రెండు కక్ష్యలకూ కాలం² ∝ దూరం³ అని రాసి, ఒకదాన్ని ఇంకోదానితో భాగించడం. మూడోది దూరాన్ని ఏయూల్లో (ఒక ఏయూ అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం), కాలాన్ని ఏళ్లలో తీసుకుని కాలం² = దూరం³ అనేయడం.

నా ఓటు నిష్పత్తికే. కాలం² ∝ దూరం³ అనేది కెప్లర్ మూడో నియమం. 1619లో దాన్ని ప్రచురించినప్పుడు ఆయన చేతిలో జి లేదు, సూర్యుడి బరువూ తెలియదు. న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం వచ్చింది 1687లో, జి విలువ కట్టడానికి వీలిచ్చిన కావెండిష్ ప్రయోగం 1798లో. ఆ నియమం పుట్టిందే పోలికగా. రెండు కక్ష్యలకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని కష్టపడి లెక్కకట్టి, చివర్లో మళ్లీ కొట్టేయడం ఎందుకు?

ఏయూ దారి నిజానికి నిష్పత్తే. భూమి జతగా నిలబడి, 1 ఏయూ, 1 ఏడాది కాబట్టి కనపడకుండా పోతుంది. సూర్యుడి చుట్టూ తిరిగే వాటికి ఇంతకంటే తేలిక లేదు. మన నుంగంబాక్కం అబ్జర్వేటరీలోనే 1861 ఏప్రిల్ 17న ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడు. సూర్యుడి నుంచి దాని సగటు దూరం 2.42 ఏయూ. ఘనం చేస్తే 14.17, వర్గమూలం 3.76. అసలు విలువ దాదాపు 3.77 ఏళ్లు. (ఆ అబ్జర్వేటరీ రాతి స్తంభం ఇప్పటికీ కాలేజ్ రోడ్డు వాతావరణ కేంద్రంలో ఉంది, దానిమీద తెలుగులో కూడా చెక్కి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించాల్సిన చోటు.)

కానీ ఈ దారి సూర్యుణ్ని దాటి పనిచేయదు. చంద్రుడికో, గురుడి ఉపగ్రహాలకో ఏయూలు, ఏళ్లు పెట్టి కాలం² = దూరం³ అంటే తప్పే. నిష్పత్తి ఎక్కడైనా పనిచేస్తుంది, కేంద్రం ఒక్కటే అయితే చాలు.

ఎక్కువ మార్కులు పోయేది దూరం దగ్గర. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాన్ని, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న భూస్థిర ఉపగ్రహంతో (భూమి తిరిగే వేగంతోనే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టు కనిపించేది) పోల్చమంటారు. ఎత్తుల్నే భాగిస్తే మొదటిదాని కాలం రెండు నిమిషాల లోపే వస్తుంది. అంత సేపట్లో భూమి చుట్టూ తిరిగి రావడమా! దూరాన్ని కొలవాల్సింది భూమి మధ్య నుంచి. భూమి వ్యాసార్థం 6,371 రెండింటికీ కలిపితే దూరాలు 6,771, దాదాపు 42,160. నిష్పత్తి 6.23, దాని 3/2 ఘాతం 15.5. భూస్థిర ఉపగ్రహం కాలం 1,436 నిమిషాలు కాబట్టి జవాబు 92 నిమిషాల చిల్లర. అందుకే భాగించే ముందు రెండు గళ్లు గీసి, ఒక్కోదాని కింద కేంద్రం నుంచి దూరం, కాలం రాయమంటాను. ప్రశ్న కాలాన్ని ఇచ్చి దూరం అడిగితే ఘాతం తిరగబడుతుంది: కాలం 27 ఇంతలైతే దూరం 9 ఇంతలే.

కేంద్రాలు వేరైతే? అక్కడ పూర్తి సూత్రమే దిక్కు అనుకుంటారు. అక్కర్లేదు, ద్రవ్యరాశినీ నిష్పత్తిలోకి తెస్తే సరి: ద్రవ్యరాశి ∝ దూరం³ / కాలం². గురుడి ఉపగ్రహం అయో 4,21,700 కిలోమీటర్ల దూరంలో 1.769 రోజులకో చుట్టు తిరుగుతుంది. మన చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో 27.32 రోజులకు. దూరాల నిష్పత్తి ఘనం 1.32, కాలాల నిష్పత్తి వర్గం 238.5. గుణిస్తే గురుడు భూమికి 315 ఇంతలు. పుస్తకాల్లో 318 ఉంటుంది. ఆ కాస్త తేడా ముఖ్యంగా చంద్రుడి సొంత బరువు వల్ల, అది భూమిలో 81వ వంతు. అయో కాలం, దూరం తెలిసిన పిల్లవాడు జి జోలికి పోకుండా గురుణ్ని తూచేశాడు! ఈ లెక్క పూర్తయ్యాక పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు కోసమే నేను నిష్పత్తిని ఇంత పట్టుబట్టి నేర్పిస్తాను.

పూర్తి సూత్రం కావాల్సింది జవాబు కిలోల్లో అడిగినప్పుడు. ఇంకొక చోట కూడా: గ్రహం ఉపరితలాన్ని ఆనుకుని తిరిగే ఉపగ్రహం. ద్రవ్యరాశి స్థానంలో సాంద్రత × ఘనపరిమాణం రాస్తే వ్యాసార్థం పైనా కిందా కొట్టుకుపోతుంది, కాలం సాంద్రత ఒక్కదానిమీదే ఆధారపడుతుంది. భూమికి అది 84 నిమిషాలు. ఈ ప్రశ్న వస్తే మాత్రం రెండు గళ్లు గీయొద్దు, నేరుగా సూత్రంతోనే మొదలుపెట్టండి.