ఆర్‌ఎస్‌ఐ దరఖాస్తు: వ్యాసం దగ్గరే అసలు పరీక్ష

అమెరికాలో హైస్కూల్ పిల్లలకున్న వేసవి పరిశోధన కార్యక్రమాల్లో ఆర్‌ఎస్‌ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్)కే మొదటి స్థానం ఇస్తాను. 1984 నుంచి నడుస్తోంది. ఎంఐటీలో ఆరు వారాలు: మొదటి వారం తరగతులు, మిగతా అయిదూ మెంటర్ దగ్గర పరిశోధన, చివర్లో పేపర్, ప్రసంగం. చదువుకీ బసకీ భోజనానికీ పైసా తీసుకోరు. దరఖాస్తు రుసుము, ప్రయాణ ఖర్చులు మాత్రం మనవే.

పదకొండో తరగతిలో ఉండగా దరఖాస్తు పెట్టాలి. మార్కులు అందరికీ బాగానే ఉంటాయి కాబట్టి తేడా తెలిసేది వ్యాసాల్లోనే. 'చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే ప్రాణం' అని మొదలుపెడితే ఆ పేరా వృథా. 'ఉప్పునీటిలో ఈస్ట్ పెరుగుదల కొలిచాను, మూడోసారి లెక్క తేడా వచ్చింది, గది వేడి మారడమే కారణం' అని రాస్తే ఆలోచించే తీరు కళ్లకు కడుతుంది. ఇష్టమైన రంగం 'బయాలజీ' అంటే చాలదు; అందులో ఏ ప్రశ్నో చెప్పాలి.

సిఫారసు లేఖల దగ్గర కూడా చాలామంది దెబ్బతింటారు. టీచర్లను కనీసం నెల ముందే అడగండి, చేసిన ప్రాజెక్టుల వివరాలు ఒక పేజీలో ఇవ్వండి. ప్రిన్సిపాల్ పొగడ్త కన్నా ల్యాబ్‌లో పక్కన నిలబడి చూసిన టీచర్ మాటకే బరువెక్కువ.