ప్లాటు డబ్బు వాపసుకి బదులు ‘ప్రామిసరీ నోటు’ ఇస్తామంటే జాగ్రత్త

శివార్లలో ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) అంటూ ప్లాట్లు అమ్ముతున్న వాళ్ల గురించే. పేరు రాయట్లేదు, అడ్వాన్స్ కట్టినవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది. నాలుగు లక్షలు బ్యాంకు ద్వారా కట్టాం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఇదిగో అదిగో అన్నారు, రాలేదు. డబ్బు వెనక్కి అడిగితే ఇప్పుడు సర్దుబాటు కాదు, ప్రామిసరీ నోటు రాసిస్తాం, కోర్టులో కూడా చెల్లుతుంది అని వాళ్ల ఆఫీసులోనే మేనేజర్ స్వయంగా రాసి సంతకం పెట్టి చేతిలో పెట్టాడు.

లాయరు గారికి చూపిస్తే ఆయన మొదట అడిగింది రెవెన్యూ స్టాంపు ఏదని. లేదు. తర్వాత ఒక లైను కింద వేలు పెట్టి చూపించారు: ‘సదరు ప్లాటు వేరొకరికి అమ్ముడైన పిమ్మట చెల్లించగలవాడను’. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం నోటులో ఏ షరతూ లేకుండా ఇంత సొమ్ము ఇస్తానని ఉండాలి. ప్లాటు అమ్ముడైతేనే ఇస్తానంటే అది షరతు, అమ్ముడు కాకపోతే బాకీయే లేదన్నట్టు. పోనీ నోటు కాదనుకుందామన్నా స్టాంపు చట్టం ఇలాంటి షరతు కాగితాన్ని కూడా నోటు కిందే లెక్కగడుతుందట. స్టాంపు లేని నోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, వేరే పత్రాల్లాగా పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలు కూడా దీనికి లేదు. రెండు వైపులా మూసేశారు.

మళ్లీ వెళ్లి సరిగ్గా రాసివ్వమని అడిగాం. నాన్నగారు కూడా వచ్చారు, ఆ అడ్వాన్స్ ఆయన రిటైర్మెంట్ డబ్బే. ఆ మేనేజర్ కాగితం చేతిలోకి కూడా తీసుకోకుండా "స్టాంపే లేదుగా సార్, కోర్టులో వేసుకోండి" అన్నాడు. అంటే రాసేటప్పుడే తెలుసు. తెలిసే రాశాడు. ఆ తర్వాత నాన్నగారి వైపు తిరిగి "పెద్దాయనా, జాగ్రత్తగా దాచుకోండి" అని నవ్వాడు. డబ్బు సంగతి తర్వాత, డెబ్బై ఏళ్ల మనిషిని అలా నవ్వడం నేను మర్చిపోలేను. దారంతా నాన్నగారు ఒక్క మాట మాట్లాడలేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది కాబట్టి అసలు బాకీ మీద విడిగా దావా వేస్తున్నాం. కానీ సరైన నోటు ఉండి ఉంటే అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద డబ్బు ముట్టిందనే కోర్టు మొదలుపెడుతుంది, కాదని వాళ్లే నిరూపించుకోవాలి. ఇప్పుడు ఆ పనంతా మా మీద పడింది.

మీకూ ఇలాంటి కాగితం ఇస్తామంటే సంతకం అయ్యే సమయానికే రెవెన్యూ స్టాంపు అతికించి ఉండాలి, రేపు అంటిద్దాం అంటే ఒప్పుకోవద్దు. మొత్తం అంకెల్లో, అక్షరాల్లో ఉండాలి, ఎవరికి చెల్లించాలో రాయాలి, ‘కోరిన తక్షణం’ అని ఉండాలి, ‘అయితే’, ‘అయిన పిమ్మట’ లాంటివి ఎక్కడా ఉండకూడదు. చెక్కు ఇస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. బౌన్స్ అయితే బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో చెక్కు ఇచ్చినవాళ్లకి నోటీసు వెళ్లాలి, అది అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు అదే చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేయాలి. ఇదే వెంచర్‌లో చెక్కులు తీసుకున్నవాళ్లు ఉంటే ఇవాళే తేదీలు చూసుకోండి.