కాకటీల్‌కు ఎక్స్‌రే: ఫిల్మా, డిజిటలా?

కడుపులో గుడ్డు ఇరుక్కున్న కాకటీల్‌ను (చిలుక జాతి చిన్న పెంపుడు పక్షి) ఎక్స్‌రేకు పడుకోబెట్టామంటే ప్రతి నిమిషమూ టెన్షనే. ఫిల్మ్ అయితే డార్క్‌రూమ్‌లో డెవలపర్, ఫిక్సర్ అనే రసాయనాలు, నీళ్లు దాటి రావాలి. చేత్తో కడిగేటప్పుడు డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. కర్నూలు మే నెల ఎండల్లో అదెక్కడ కుదురుతుంది? ఫిల్మ్ నల్లబడిందా, పక్షిని మళ్లీ పడుకోబెట్టాల్సిందే.

డీఆర్ ప్యానెల్ (ఫిల్మ్ లేకుండా బొమ్మను నేరుగా కంప్యూటర్‌కు పంపే డిజిటల్ ఎక్స్‌రే పలక) ఉంటే రెక్కలకు వేసిన టేపు తీయకముందే గుడ్డు పెంకు తెరమీద తెల్లగా కనిపిస్తుంది. కాంట్రాస్ట్ కంప్యూటర్‌లోనే సరిచేసుకోవచ్చు. పక్షి కదిలి మసకైతే మాత్రం ఏదీ కాపాడదు.

అలాగని ఫిల్మ్‌ను తీసిపారేయలేం. మామోగ్రఫీ ఫిల్మ్ (రొమ్ము ఎక్స్‌రేలకు వాడే సూక్ష్మమైన ఫిల్మ్) మీద కుందేలు పంటి వేరు, ఇగువానా అనే పెద్ద బల్లి వేలి ఎముక ఎంత స్పష్టంగా తెలుస్తాయో! ఖర్చు? మొదట్లో డిజిటల్‌కే ఎక్కువ. అయినా నా ఓటు దానికే: అనంతపురంలో తీసిన ఫైలును తిరుపతి వెటర్నరీ కాలేజీకి క్షణాల్లో పంపొచ్చు.