పవర్‌పాయింట్ ఫాంట్ ఎంబెడింగ్: తెలుగు స్లైడ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

అమలాపురం డీటీపీ సెంటర్లో చేసిన స్లైడ్లు భీమవరం ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర మీద అచ్చం అలాగే రావాలంటే, పెన్‌డ్రైవ్‌లో ఫైల్‌తో పాటు ఫాంట్ కూడా వెళ్లాలి. పవర్‌పాయింట్‌లో ఫాంట్ ఎంబెడింగ్, అంటే ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగే సదుపాయం, ఉన్నది అందుకే. ఆక్వా రైతుల సదస్సులకు, కడియం నర్సరీల మొక్కల కేటలాగులకు, పెళ్లి స్లైడ్‌షోలకు తెలుగులో పనిచేసేవాళ్లకు ఇది చాలా అవసరమైన సదుపాయం. ఐదుకు మూడున్నర ఇస్తాం. ఒకటిన్నర కోసింది ఒక్క లోపానికే: ఫాంట్‌కున్న ఆంక్ష సంగతి చాలాసార్లు పంపినవాళ్లకు తెలియదు, అవతల ఫైల్ తెరిచినవాళ్లకే తెలుస్తుంది.

ఆన్ చేయడం తేలికే. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్తే అడుగున ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్’ ఉంటుంది. దానికి టిక్ పెట్టాక రెండు దారులు కనిపిస్తాయి: వాడిన అక్షరాలు మాత్రమే, లేదా ‘ఎంబెడ్ ఆల్ క్యారెక్టర్స్’. రెండోదే ఎంచుకోండి. మొదటిదాంతో ఫైల్ సైజు తగ్గే మాట నిజమే. కానీ చివరి నిమిషంలో ముఖ్య అతిథి పేరు మారితే, కొత్త పేరులోని అక్షరాలు ఫైల్లో ఉండకపోవచ్చు. తెలుగు ఫాంట్ ఒక్కోటి సాధారణంగా కొన్ని వందల కేబీలే కాబట్టి అక్కడ పిసినారితనం అనవసరం.

అసలు చిక్కు ఫాంట్ లోపల ఉంది. ప్రతి ట్రూటైప్, ఓపెన్‌టైప్ ఫాంట్‌లో ఎఫ్ఎస్‌టైప్ అనే చిన్న సంఖ్య ఉంటుంది. ఫాంట్‌ను ఫైల్లో ఎంతవరకు పొదగొచ్చో అది చెబుతుంది. 0 అయితే ఇన్‌స్టాలబుల్, 8 అయితే ఎడిటబుల్. ఈ రెండిటికీ ఇబ్బంది లేదు. 4 అంటే ప్రివ్యూ, ప్రింట్ వరకే, ఫైల్‌ను దిద్దడానికి వీల్లేదు. 2 అంటే రిస్ట్రిక్టెడ్, అంటే ఫైల్లో పెట్టడానికే వీల్లేదు. 2 ఉన్న ఫాంట్‌ను సేవ్ చేసేటప్పుడే పవర్‌పాయింట్ పట్టుకుని, కొన్ని ఫాంట్లు సేవ్ కావని చెబుతుంది. 4 ఉన్నదాన్ని మాత్రం మారుమాట్లాడకుండా ఎక్కించేస్తుంది. అవతల ఫైల్ తెరిచాక ‘రిస్ట్రిక్టెడ్ ఫాంట్స్’ అని పెట్టె వస్తుంది: చదవడానికి మాత్రమే తెరుస్తారా, ఆ ఫాంట్లు తీసేస్తారా అని. ఆ పేరు చూసి ఫాంట్ రిస్ట్రిక్టెడ్ రకం అనుకుంటారు. నిజానికి ఆ రకం ఫైల్లోకి చేరనే చేరదు. అక్కడికి చేరి అడ్డం తిరిగేది ప్రివ్యూ రకమే.

అందుకే స్లైడ్ మొదలుపెట్టకముందే చూసుకోవాలి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో ఆ ఫాంట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. ‘ఫాంట్ ఎంబెడబిలిటీ’ దగ్గర ఏముందో అక్కడే కనిపిస్తుంది. ఫాంట్లో ఆ సంఖ్యను మార్చేసే టూల్స్ దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. అది లైసెన్సును ఉల్లంఘించడమే. ఓపెన్ లైసెన్సుతో తెలుగులో మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా ఉండగా ఆ అవసరమూ లేదు. శీర్షికకు రామభద్ర, లోపలి వాక్యాలకు మండలి పెడితే హాల్ చివరి వరుసకు కూడా బాగా కనిపిస్తాయి. అయితే ఈ రెండిటికీ విడిగా బోల్డ్ లేదు. బీ బటన్ నొక్కితే పవర్‌పాయింట్ అక్షరాన్ని కృత్రిమంగా లావు చేస్తుంది, వత్తులు అలుక్కుపోతాయి.

గౌతమి, వాణి ఎలాగూ విండోస్‌వే కదా, అవతల ఉంటాయిలే అనుకోకండి. విండోస్ 10 నుంచి అవి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఆప్షనల్ ఫీచర్‌లోకి వెళ్లాయి. విడిగా చేర్చకుండానే ఉండేది నిర్మలా యూఐ.

అను ఫాంట్లతో చేసిన స్లైడ్లది వేరే గొడవ. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే ప్రామాణిక పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. యూనికోడ్ ఫాంట్ లేకపోతే వాక్యం నిర్మలాలోకి మారి, లైన్లు కిందికి జారినా చదవగలం. అను ఫాంట్ లేకపోతే మాత్రం తెర నిండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే. పాత మేటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులు, వత్తులు కళ్లతో సరిచూసుకున్నాకే స్లైడ్‌లోకి తేవాలి.

పోస్ట్‌స్క్రిప్ట్ అవుట్‌లైన్లున్న (అక్షరాల ఆకారాన్ని ట్రూటైప్‌కు భిన్నమైన పద్ధతిలో గీసిన) ఓటీఎఫ్ ఫాంట్లకు అనుమతి ఉన్నా ఎంబెడ్ కాకపోవచ్చు. అదే ఫాంట్ టీటీఎఫ్ (ట్రూటైప్) రూపంలో దొరికితే అదే వాడండి.

ఇప్పటికే తాళం పడ్డ, అంటే తెరవగానే ఆ పెట్టె వచ్చే ఫైల్ చేతికొస్తే ‘రిమూవ్ రిస్ట్రిక్టెడ్ ఫాంట్స్’ నొక్కి, వేరే పేరుతో సేవ్ చేయండి. తర్వాత హోమ్‌లో రీప్లేస్ పక్కనున్న బాణం కింద ‘రీప్లేస్ ఫాంట్స్’తో పాత ఫాంట్ స్థానంలో మండలి పెట్టండి. బాక్సుల్లోంచి పొంగిన వాక్యాలను ఒక్కో స్లైడూ తిప్పి సర్దాలి. ఇది తొందరలో అయ్యే పని కాదు. లోగో, దంపతుల పేర్లు వంటి మారని ముక్కలను కట్ చేసి పేస్ట్ స్పెషల్‌లో పీఎన్‌జీగా అతికిస్తే ఏ ఫాంటూ అక్కర్లేదు, కాకపోతే తర్వాత దిద్దలేం.

హాల్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో పవర్‌పాయింట్‌కు బదులు ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ ఉంటే పవర్‌పాయింట్ ఎంబెడింగ్‌ను నమ్ముకోవద్దు. వాడిన టీటీఎఫ్ ఫాంట్లన్నీ అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, కార్యక్రమానికి ముందే ఇన్‌స్టాల్ చేయించండి. యానిమేషన్లు లేని స్లైడ్లయితే పీడీఎఫ్ కాపీ కూడా పక్కన ఉంచండి.